నలభై వాటాల కట్టు

నేను ఐదో తరగతి మూడేళ్ళు చదివాను. నాలుగో ఏడు కూడా వెళ్దును గాని, అప్పటికి నాకు మీసాలు వచ్చేశాయి, మాస్టారికి ఇంకా రాలేదు. ఆయనకు ఇబ్బందిగా ఉంటుందని నేనే మానేశాను. ఆ చదువు మొత్తంలో నాకు గట్టిగా పట్టుబడింది కూడికలు. అందుకే, బ్లాకు ఆఫీసు నుంచి గ్రామసేవక్ గారు కొల్లేటి నడుమ ఉన్న మా లంకకు తెచ్చిన తెల్లరేకు పెట్టె మీద ఎర్రరంగుతో కూడిక గుర్తు కనిపించగానే, ఇంగ్లీషు కూడా వచ్చేసిందనుకుని పొంగిపోయాను. "ఏం రాసుందిరా దాని మీద?" అని ఊరి పెద్దాయన అడిగితే, "కలుపుకోమని రాసుందండి" అన్నాను.

అందరూ నవ్వారు. నేనేం మాట్లాడినా నవ్వేవారు. నవ్వకపోతే నాకు అన్నం సహించేది కాదు.

మా బావ కుడిపాదం సగం ఆ నవ్వుల్లో పోయింది. ఎలా పోయిందో చెప్పేవాళ్ళు లంకలో ఇంకా చాలామంది ఉన్నారు గాని, వాళ్ళంతా ఎవరి తప్పూ లేనట్టు చెబుతారు. అందుకని నేను రాస్తున్నాను.

బావంటే మా అక్క మొగుడు, మా మేనత్త కొడుకూను. కొల్లేటిలో తాటిదోనె తెలియనివారికి చెప్పాలి. తాటిమాను నిలువునా చీల్చి, లోపల తొలిస్తే వచ్చే తొట్టి అది. కొత్తవాడు అందులో తుమ్మినా తిరగబడుతుంది. మా బావ దాని కొసన, అరిటాకు దొప్పంత చోటులో కుడిపాదం ఆన్చి, నిటారుగా నిలబడి వల విసిరేవాడు. ఆ కాలివేళ్ళు చెక్కను కరిచి పట్టుకునేవి. అలా నిలబడి విసరగలిగినవాళ్ళు మా లంకలో ముగ్గురే. ముగ్గురు ఆడపిల్లలు, చూపు పోయిన మా మేనత్త, మా అక్క, అందరూ ఆ వేళ్ళ మీదే నిలబడి బతికేవారు.

అప్పుడు ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. గ్రామసేవక్ గారిది తాడేపల్లిగూడెం దగ్గర పల్లె. నీళ్ళలో వరి తప్ప ఇంకేదీ నిలబడగా ఎరగని మనిషి. దోనె అడుగున చతికిలబడి, పెట్టె ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా అంచులు పట్టుకుని, కళ్ళు మూసుకుని వచ్చాడు. గట్టెక్కాక కళ్ళు తెరిచి పెట్టె మూత తీశాడు.

"ఇది ప్రథమ చికిత్స పెట్టెండి. తెగినా, కాలినా, ఎముక విరిగినా, ఆసుపత్రికి వెళ్ళేలోపు వాడుకోవాలండి."

"ఎవరికండి ఇది?" అని అడిగాడు పెద్దాయన.

"ఊరికేనండి. ఊరందరిదీను."

ఆ మాటతో పెట్టె గతి తేలిపోయింది. పాపం ఆయనకు తెలియదు.

సంతకం పెట్టగలిగినవాణ్ణి నేనే కాబట్టి కాగితం మీద నేనే పెట్టాను. తిరుగు దోనె కూడా నేనే వేశాను. సగం దూరం వెళ్ళాక ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు: "ఏవండీ, మీరు కాస్త అక్షరం తెలిసినవారు కనక చెబుతున్నాను. ఆ పెట్టె ఒక్కచోటే ఉండాలి సుమండీ. చేతులు సబ్బుతో కడుక్కుని గాని లోపలి సరుకు ముట్టుకోకూడదు. ఎవరికి దెబ్బ తగిలితే అంతా వాళ్ళకే. మీ వాళ్ళకి నచ్చచెప్పండి. మీ మాటైతే వింటారు."

"అలాగేనండి, తమరు బెంగపెట్టుకోకండి" అన్నాను. అని, దోనెను కావాలనే ఒక్క ఊపు ఊపాను. ఆయన పెట్టిన కేకకు కిక్కిస పొదల్లో పిట్టలన్నీ లేచిపోయాయి. మూడు రోజులపాటు ఊళ్ళో ఇంటింటికీ ఆ కేక చేసి చూపించాను. ఆయన చెప్పమన్న మాట మాత్రం ఒక్క ఇంట్లోనూ చెప్పలేదు.

మా లంకలో ఏది వచ్చినా వాటాలే. ఉమ్మడి వలలో పడ్డ చేప, జాతరలో కోసిన పోతు, ఇంటికప్పుకు కోసిన కిక్కిస, అన్నీ గడపకింత అని పోగులు పెడతారు. మొగుడు పోయిన ఆడమనిషికీ, మంచాన పడ్డ ముసలివాడికీ మిగతావాళ్ళతో సమానంగా పోగు పడుతుంది. పోగులు వేసినవాడు అందరి తరవాత తీసుకుంటాడు, కాబట్టి హెచ్చుతగ్గులుండవు. మంచి కట్టుబాటే. ఎన్ని వానలకు మునిగినా మా లంకలో ఆకలికి చచ్చినవాడు లేడంటే అదే కారణం. అలాంటి ఊరికి వచ్చి "ఊరందరిదీ" అని ఒక పెట్టె పెట్టి వెళితే ఏం చేస్తారు? మర్నాడు పొద్దున్నే పెద్దాయన ఇంటి ముందు చాప పరిచి వాటాలు వేశారు.

వేసింది నేను. కత్తెర నా చేతిలో ఉంది.

కట్టుగుడ్డ చుట్టలు విప్పి జానెడు జానెడు ముక్కలు కోశాను. దూది పీకి నలభై గడపలకూ నలభై ఉండలు చేశాను. టించరు మందు పంచడానికి పెద్దాయన కోడలు ఉగ్గుగిన్నె తెచ్చింది. ఒకరు కొబ్బరిచిప్ప పట్టుకొచ్చారు, ఒకరు ఆముదం సీసా, ఒకావిడ అరచెయ్యి చాపింది. నేను చేతులు కడుక్కోలేదు. అప్పుడే పడవలోంచి చేపల బుట్టలు దించి వచ్చాను.

"మామ్మా, ఇదిగో నీ పెళ్ళిచీర" అని ఒక ముసలమ్మ చేతిలో గుడ్డముక్క పెట్టాను.

"చీర సరే, పెళ్ళికొడుకేడిరా? నువ్వైతే మటుకు వద్దు, నా పళ్ళు ఊడినా కళ్ళు పోలేదు" అంది ఆవిడ.

చాప చుట్టూ ఒకటే నవ్వు. విరిగిన ఎముకకు కట్టే చెక్కబద్దలు వల కన్నులు కొలిచే బద్దలుగా బాగుంటాయని వల అల్లేవాళ్ళు తీసుకున్నారు. పిన్నీసులు ఆడవాళ్ళ గాజులకు ఎక్కాయి. కత్తెరకు చీటీ వేస్తే, చేపల రెక్కలు కోసి అమ్మే ఆవిడకు పడింది. పెట్టెను ముక్కలు చెయ్యలేక, నెలకో గడప చొప్పున తిప్పుకోవాలని తీర్మానం చేశారు.

మా బావ తన ముక్క చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలా పీలికలు చేస్తే ఎవడి దెబ్బకి సరిపోద్దిరా బామ్మర్దీ?" అన్నాడు. నలభై గడపల్లో ఆ ప్రశ్న వేసింది ఆయనొక్కడే. అప్పుడైనా నేను చెప్పవచ్చు. గ్రామసేవక్ గారు ఇలా అన్నారు బావా, తప్పు చేస్తున్నాం, అని ఒక్క ముక్క. నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కాని అందరూ నా నోటివంకే చూస్తున్నారు, ఇప్పుడేం జోకు వేస్తాడా అని.

"దెబ్బ కూడా వాటాలేసుకుందాం బావా! నీకో గోరు, నాకో గోరు" అన్నాను.

బావ కూడా నవ్వాడు.

ఆ సరుకు తరవాత ఏ పనులకు పోయిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. టించరు గజ్జికి రాశారు, పసిపిల్ల బొడ్డుకు రాశారు, ఒకాయన పన్ను నొప్పికి పుక్కిలించి నాలిక తోలు ఊడగొట్టుకున్నాడు. దూది దీపాల్లో వత్తులయింది. గుడ్డముక్కలు తాయెత్తులకూ, లాంతరు చిమ్నీలు తుడవడానికీ పోయాయి. మేక కాలికి పుండైతే ఒకరు దానికి కట్టారు. వాళ్ళనని లాభమేముంది? నా వాటా గుడ్డకు నీలిమందు పెట్టి, మెడకు రుమాలులా చుట్టుకుని, నా వాటా దూది అత్తరులో ముంచి చెవిలో పెట్టుకుని, ఏలూరు బజార్లో పెద్దమనిషిలా తిరిగాను నేను. అద్దంలో చూసుకుని మురిసిపోయాను. థూ.

మరుసటి వేసవి. నీళ్ళు తీశాయి. కొత్త దోనె కోసం బావ తాటిమాను చెక్కుతున్నాడు. మాను దొర్లకుండా నేను రెండో కొసన కూర్చున్నాను. కూర్చుని ఊరుకోను కదా, ఏవో కబుర్లు చెబుతున్నాను. బావ చేతిలో బాడిస మానులో గట్టి చోట పడి జారింది. కుడిపాదం మీద, వేళ్ళ మొదట్లో దిగింది. కేక వెయ్యలేదు. "అబ్బా, చూడరా" అన్నాడంతే. చూస్తే ఇసక మీద నెత్తురు గుంట కట్టింది.

అప్పుడు నాకు పెట్టె గుర్తొచ్చింది. పెట్టె ఆ నెల ఎవరింట్లో ఉందో పరుగెత్తి చూశాను. అందులో ఆవకాయ కారం పోసుకున్నారు. మూత తియ్యగానే తుమ్ములు. అక్కడి నుంచి ఇంటింటికీ పడ్డాను. "మీ వాటా తెండి, మీ వాటా తెండి, బావ కాలు తెగింది!"

దాచుకున్నవాడు ఒక్కడు లేడు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు. ఒక్కడు కాదన్నా తిట్టుకుని తృప్తిపడేవాణ్ణి. అందరూ పరుగెత్తుకొచ్చారు. బిడ్డ మొలతాడు నుంచి తాయెత్తు విప్పి తెచ్చిందొకావిడ. ఆరిపోయిన దీపంలో నుంచి నూనె కారుతున్న వత్తి తీసి తెచ్చారు. మసిగుడ్డలు తెచ్చారు. ముక్కుపొడి అంటిన ముక్క తెచ్చాడొకాయన. కత్తెర వచ్చింది, రెండు రెక్కలకూ చేప పొలుసు అంటుకుని. మేకను ఇద్దరు పట్టుకుంటే మూడోవాడు దాని కాలి గుడ్డ విప్పుకొచ్చాడు. అది తడిగా ఉంది. దేనితో తడిసిందో నేను అడగలేదు.

కడితే ఏ రెండు ముక్కలో కట్టి ఊరుకోవాలి. అలా కుదరలేదు. ప్రతివాళ్ళూ తమ వాటా కట్టాల్సిందేనన్నారు.

"మా ముక్క పక్కన పెట్టావేంటి బాబూ? మేం ఊళ్ళోవాళ్ళం కామా?"

"అందరిదీ కట్టి మాది కట్టకపోతే, రేపు మా ఇంట్లో చావొస్తే మీరు రారన్నమాట."

"అడుగున కట్టరా అబ్బాయ్, పైన కడితే మందు దిగదు."

బావ తల అక్క ఒళ్ళో ఉంది. అక్క ఏడవడం లేదు, నా చేతులవంక చూస్తోంది. ఆ చేతులతో నేను ఒక్కొక్క పీలికే ముడి వేసి కట్టాను. ఉతికిన పంచె ఒకటి అక్క దండెం మీద ఆరుతోంది. అది నాకు కనిపించింది కూడా. లాగి చించి కడదామని అనిపించలేదు, ఎందుకంటే ఊరు ఊరంతా చుట్టూ నిలబడి ఉంది, ఎవరి ముఖం చిన్నబుచ్చినా నాకు బాగుండదు. అందరికీ నచ్చేవాణ్ణి కదా నేను. మేక గుడ్డ చేతిలోకి వచ్చినప్పుడు వాంతి వచ్చింది, మింగి, అది కూడా కట్టాను. కట్టు పూర్తయ్యేసరికి పాదం పనసకాయంత అయింది. అందరి ముఖాల్లోనూ ఒక తృప్తి. పండగనాడు వంటలు కుదిరినట్టు.

దోనెలో పడుకోబెట్టి గట్టుకు చేర్చి, అక్కణ్ణుంచి బండి మీద గుండుగొలను తీసుకెళ్ళి, రోడ్డు మీద బస్సెక్కించి ఏలూరు పెద్దాసుపత్రికి వెళ్ళేసరికి దీపాలు పెట్టే వేళయింది. డాక్టరుగారు పొట్టిగా, కళ్ళజోడుతో, చాలా మర్యాదగల మనిషి. పటకారుతో ఒక్కొక్క పీలికే తీసి పళ్ళెంలో వేశారు.

"ఎవరయ్యా కట్టింది?"

"ఊరండి" అన్నాను.

"ఊరికి చేతులుంటాయా?"

"నేనేనండి."

మరో రెండు తీశారు. "ఈ వెంట్రుకలేమిటి?"

"మేకవండి."

పళ్ళెం పట్టుకున్న నర్సమ్మ ముఖం పక్కకు తిప్పుకుంది. నేను నవ్వించబోయాను. సిగ్గులేకపోతే సరి. "తమరు ఇంకా విప్పండి డాక్టరుగారూ, అడుగున గ్రామఫోను కూడా ఉండవచ్చు" అన్నాను. పుట్టి బుద్ధెరిగాక నా మాటకు ఎవరూ నవ్వకపోవడం అదే మొదటిసారి. డాక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"తెగిన దెబ్బ అంత పెద్దది కాదు బాబూ. ఉతికిన గుడ్డ ఒకటి చించి గట్టిగా అదిమి పట్టుకుని వస్తే, కుట్లు వేసి పంపేవాణ్ణి. ఇందులోకి ఊరి మురికంతా ఎందుకు దూర్చారు?"

ఐదో రోజుకు వేళ్ళు నల్లబడ్డాయి. ఆ వాసన నా ముక్కులో ఇప్పటికీ ఉంది. మంచి అన్నం ముందు కూర్చున్నా ఒక్కోసారి వచ్చి లేపేస్తుంది. ఎనిమిదో రోజు పాదం ముందు సగం తీసేశారు. "ప్రాణం దక్కింది, సంతోషించండి" అన్నారు డాక్టరుగారు. ధనుర్వాతం రాకపోవడం ఆశ్చర్యమని కూడా అన్నారు.

తెలివి వచ్చాక బావ దుప్పటి ఎత్తి చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు. తరవాత మెల్లిగా, "ఎక్కడ ఆన్చాలిరా ఇంక?" అన్నాడు. దోనె కొస సంగతి అడుగుతున్నాడని నాకూ తెలుసు, పక్కనున్న అక్కకూ తెలుసు. అక్కడే చెప్పేశాను. పెట్టె వచ్చిన రోజున దోనెలో గ్రామసేవక్ గారు నాతో ఏమన్నారో, నేను ఆ మాట చెప్పకుండా ఏం చేశానో, అంతా. బావ గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండును.

ఊరికి వచ్చాక ఒకరోజు పొద్దున్నే, ఎవరూ చూడకుండా దోనె ఎక్కి నిలబడబోయాడు. నేను రేవు పైన గట్టు మీద నుంచి చూశాను. మడమ ఆన్చాడు, గడ నీళ్ళలో గుచ్చాడు, ఒంటి కాలి మీద ఊగాడు, పడ్డాడు. మోకాలు లోతు నీళ్ళే. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి పడ్డాక నీళ్ళలోనే కూర్చుండిపోయాడు. నేను వెళ్ళలేదు. వెళితే ఏదో ఒక జోకు వేస్తానని భయం వేసింది.

ఊరు మాత్రం హాయిగా ఉంది. "అందరం మా వాటా ఇచ్చాం కదండీ, ఇంక ఆయన రాత" అన్నారు. "మా ముక్క పైకి పోయింది, అడుగునుంటే నయమయ్యేది" అంది ఒకావిడ. ఆ ముక్క మేకది. చేపల పోగుల్లో బావ గడపకు వాటా మాత్రం ఒక్కరోజు తప్పలేదు. వల వెయ్యలేని మనిషికి వల వేసినవాళ్ళతో సమానంగా పోగు పడింది. మా అక్క ఆ పోగులతోనే పిల్లల్ని పెంచింది. అందుకని ఆ కట్టుబాటును నోరారా తిట్టనూ లేను, నోరారా పొగడనూ లేను.

వానలు పడ్డాక గ్రామసేవక్ గారు రెండో పెట్టె తెచ్చారు. సంగతంతా విన్నారు. "ఈసారి ఎవరింట్లో పెడతారో నా ఎదురుగా తేల్చండి" అన్నారు. పెద్దాయన ఇంటి ముందు అందరూ చేరారు. బావ కూడా కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

నేను లేచి నిలబడి, నా జీవితంలో మొదటిసారి నవ్వించకుండా మాట్లాడాను. మీరు మనుషులా అన్నాను. మేక పుండు గుడ్డ మనిషి కాలికి కట్టించారు, మీకు అన్నం ఎలా దిగుతోంది అన్నాను. నన్ను కూడా కలుపుకునే తిట్టాను గాని, తిట్టే గొంతు నాది కాబట్టి వాళ్ళనే ఎక్కువ తిట్టినట్టు వినపడి ఉంటుంది. అందరూ తలలు దించుకున్నారు.

"మరి ఎవరింట్లో పెట్టమంటావురా?" అన్నాడు పెద్దాయన.

"మా ఇంట్లో వద్దండి, రేపు దూది తగ్గితే మేం మాట పడాలి" అన్నారొకరు. "మాకూ వద్దండి" అన్నారు ఇంకొకరు. అలా వరసగా అందరూ అన్నారు. తరవాత ఎవరూ మాట్లాడలేదు. అందరూ మౌనంగా ఉంటే నాకు ఊపిరాడదు. అప్పుడే తిట్టిన నోటితో, పాత జబ్బు పొడుచుకొచ్చి అనేశాను.

"అయితే మా బావ ఇంట్లో పెట్టండి. పెట్టె ఎక్కడికీ కదలకూడదు, ఆయనా కదల్లేడు. ఇద్దరికీ తోడు."

నలుగురు నవ్వబోయి ఆపుకున్నారు. గ్రామసేవక్ గారు నావంక చూసిన చూపు నేను మరిచిపోలేదు. బావ కర్ర పక్కన ఆనించి, నింపాదిగా నాతో అన్నాడు:

"మా ఇంట్లో ఎందుకు బామ్మర్దీ, నీ నోట్లో పెట్టించు. అదెప్పుడూ తెరిచే ఉంటది. అవసరానికి చూస్తే లోపల ఏమీ ఉండదు. ఈ పెట్టైనా ఉండనీ."